దారిలోంచి ఎత్తుకొచ్చిన తాబేలు

"తాబేలుకేమో టబ్బు, నా చొక్కాలకి బకెట్టా? ఇదెక్కడి న్యాయమే?" అని సణిగాడు భర్త.

"మీ చొక్కాలేం ఊపిరాడక చావవు లెండి," అందామె.

అది రోడ్డు దాటుతుంటే లారీ కింద పడుతుందని జాలిపడి ఆమె ఇంటికి తెచ్చింది. వచ్చినప్పటినుంచీ వెనక కాళ్లతో టబ్బు అడుగు గీరుతూనే ఉంది. ఆడుకుంటోందని ఆమె మురిసిపోయింది.

సాయంత్రం చూడటానికొచ్చిన పశువుల డాక్టరు, "ఆట కాదమ్మా, కడుపులో గుడ్లున్నాయి. పెట్టుకోవడానికి మట్టి వెతుకుతోంది. చెరువులోంచి బయటికొచ్చిందే అందుకు," అన్నాడు.

ఆమె దాన్ని కాపాడానని వీధంతా చాటుకుంది. తీరా చూస్తే, పురిటికి బయల్దేరినదాన్ని చేతులారా ఆపేసింది.

భోజనాల దగ్గర ఆమె భర్తతో, "తెల్లారగానే దాన్ని వదిలేసి వస్తానండీ," అంది. "చెరువులో కాదు. రోడ్డుకి అవతల, అది పోతున్న వైపు."