తుప్పు అద్దిన బొంత

…కప్పుకోవడానికి కాకపోతే బొంత ఎందుకు అని అడుగుతారు. నేను ఒక బొంతను, ఆ మాట నిజమే. కానీ ఇంతవరకూ ఎవరి చలీ తీర్చలేదు. గోడకు వేలాడాను. దీపాల వెలుగులో నిలబడ్డాను. నా పక్కన ‘తాకవద్దు’ అని ఒక అట్ట కూడా పెట్టారు. బొంతను తాకవద్దనే మనుషులను చూసి నవ్వుకోవాలో జాలిపడాలో తెలియలేదు.

నా పుట్టుక గురించి చెప్పాలంటే ముందు ఒక చొక్కా గురించి చెప్పాలి. నేను దాని చుట్టూ పెరిగినదాన్ని.

అది దొరస్వామి చొక్కా. లేత నీలం రంగు, మెడపట్టీ అరిగిపోయి పోగులు లేచింది. దొరస్వామికి రేణిగుంట రోడ్డులో లారీలకు కుదుపు ఆపే కమాను కట్టలు బిగించే షెడ్డు ఉండేది. ఒక మధ్యాహ్నం అన్నానికి ఇంటికి వచ్చి, చొక్కా విప్పి తలుపు వెనక కొక్కేనికి తగిలించి, కాసేపు నడుం వాలుస్తానని పడుకున్నాడు. మళ్లీ లేవలేదు. చొక్కా చంకల్లో చెమట అప్పటికి ఆరలేదు. ఏడుపు ఇంకా మొదలుకాని ఆ ఇంట్లో తడిగా ఉన్నది అదొక్కటే.

అతని భార్య వకుళ ఆడపిల్లల హైస్కూల్లో డ్రాయింగ్ టీచరు. గుడ్డ మీద రంగు, మైనం, కాగితం, ఇనుము, ఏది దొరికితే అది కలిపి చూడటం ఆమెకు పిచ్చి. పాత పంచె మీద వెనిగర్ చల్లి, మేకులు పరిచి, తుప్పు మచ్చలు దిగేదాకా పొయ్యి మీద పాలను కాచుకున్నట్టు కాచుకుని ఉండేది. అప్పటికి నేను లేను. చొక్కా చూసింది, చొక్కాకు గుర్తుంది. దొరస్వామి గుమ్మంలో నిలబడి నవ్వేవాడట.

“ఏం టీచరమ్మా, నేనేమో పొద్దస్తమానం తుప్పు గీకి గీకి చస్తా ఉంటే నువ్వు మంచి గుడ్డకు తుప్పు పట్టిస్తా ఉండావే! మనిద్దరికీ జాతకాలు కుదిర్చినోడు ఎవుడో, వాణ్ణి పట్టుకోని తన్నాల.”

“గీకింది పారబోయకుండా నాకు తెచ్చియ్యి. తన్నేది తర్వాత చూద్దాం.”

మర్నాడు నిజంగానే తుప్పు రజను పొట్లం కట్టి తెచ్చేవాడు. మల్లెపూలు తెచ్చే మొగుళ్ల గురించి లోకం చాలా చెప్పుకుంటుంది. తుప్పు తెచ్చినవాడి గురించి చెప్పడానికి నేనొక్కదాన్నే మిగిలాను.

కర్మలయ్యాక చుట్టాలు అతని బట్టలు మూటగట్టి ఎవరికో ఇవ్వబోతే వకుళ ఆ మూట లాక్కుంది. లుంగీలు, తువ్వాళ్లు, దిండు గలేబులు ముక్కలు చేసి పరిచింది. అడుగున తన పాత నూలుచీర. నడిమధ్యలో ఆ చొక్కా, ఉతకకుండా, చేతులు రెండూ బారచాపి. అన్నిటినీ కలిపి చిన్న చిన్న కుట్లు, వానచినుకుల్లా ఎడతెగని కుట్లు. ఆ తర్వాతే నా ఒంటి మీద ప్రయోగాలు మొదలయ్యాయి. రంగు తగలకూడదనుకున్నచోట కరిగిన మైనం చుక్కలు పడ్డాయి. టీ డికాషన్ మరకలు, కరక్కాయ నీళ్లు, పల్చటి కాగితం అతుకులు. చివరగా చొక్కాకు తడి తగలకుండా చుట్టూరా వెనిగర్ చల్లి, దొరస్వామి పానాలు, నట్లు, బోల్టులు, వాషర్లు నా మీద పేర్చి, పైన ప్లాస్టిక్ పట్టా కప్పింది.

పట్టా తీసిన రోజు ఆమె ముఖం నాకు ఇప్పటికీ కనబడుతుంది. వాషర్లున్నచోట నారింజరంగు వలయాలు. కరక్కాయకు ఇనుము తగిలినచోట కాటుకలాంటి నలుపు. కుడి చొక్కాచేతి అంచు దగ్గర పానా అచ్చు ఎంత స్పష్టంగా దిగిందంటే, ఎవరో దాన్ని పట్టుకుని ఉన్నట్టే ఉంది.

అయితే ఈ పనిలో ఒక నియమం ఉంది. తుప్పు కావలసినంత దిగాక గుడ్డను వంటసోడా కలిపిన నీళ్లలో జాడించాలి. లేకపోతే తుప్పు ఆగదు, గుడ్డను తింటూనే ఉంటుంది. అందుకే ముందు తుప్పు, తర్వాత ఉతుకు, ఆ తర్వాతే కుట్టు. వకుళే బడిలో పిల్లలకు ఈ వరస నేర్పేది. నా విషయంలో మాత్రం ముందు కుట్టేసింది. ఇప్పుడు నన్ను ఉతికితే చొక్కానూ ఉతికినట్టే. దుఃఖంలో వరస మరిచిపోయిందని తోటి టీచర్లు అనుకున్నారు. నేను అలా అనుకోను. మనసు కొన్ని తప్పులను చాలా జాగ్రత్తగా చేస్తుంది.

హైదరాబాదులో ప్రదర్శనకు తీసుకెళ్లారు. అక్కడివాళ్లు నా ముందు నిలబడి మెడలు పక్కకు వాల్చారు.

“ఆ వలయం సూర్యాస్తమయం అనుకుంటా,” అన్నాడు గడ్డమాయన.

“కాదండీ, గాయం,” అంది పక్కనావిడ, తనకే తగిలినట్టు.

“మన హాల్లో సోఫాకు సరిపోతుందా?” అన్నాడు ఆవిడ భర్త.

అది వాషరని ఎవరూ అనలేదు. వకుళ కూడా చెప్పలేదు. అమ్మేది లేదని మాత్రం చెప్పి, నన్ను చుట్టగా చుట్టి ఇంటికి తెచ్చేసింది.

ఆ తర్వాత పడకగది గోడే నా చోటు. బడి నుంచి రాగానే చెప్పులైనా విప్పకుండా వచ్చి, చొక్కా చంకలో ముఖం పెట్టి ఊపిరి పీల్చేది. ఆ ఒక్క శ్వాస కోసమే రోజంతా బతికినట్టు ఉండేది. ఏం దొరికేదో నాకు తెలియదు. నా లోపలిదే అయినా ఆ వాసన ఉందో లేదో నేను చెప్పలేను. ఉన్నదంతా ఇనుము వాసన. అందులో అతనిదెంత, ఆమె చల్లి పెంచినదెంత, విడదీయడం నా వల్ల కాదు.

ముసురు పట్టింది. గోడ చెమ్మగిల్లింది. నాలో ఆగి ఉన్నదేదో కదిలింది. పానా అచ్చు నోటి దగ్గర మొదటి చిల్లి పడింది. తర్వాత చొక్కాచేతి అంచు పొడిపొడిగా రాలింది. నొప్పి లేదు. నన్ను నేనే తినేస్తున్నానన్న తెలివిడి మాత్రం ఉంది.

దొరస్వామి చెల్లెలు మునిరత్నమ్మ చూడటానికి వచ్చింది.

“ఇదేంది వదినా, బొక్కలు పడతా ఉండాయి? ఎలకలా?”

“ఎలకలు కాదు రత్నమ్మా, తుప్పు. ఉతికుంటే ఆగేది.”

“మరి ఉతకలేదా?”

“ఉతికితే మీ అన్న వాసన పోతుంది.”

మునిరత్నమ్మ దగ్గరకొచ్చి చొక్కాకు ముక్కు ఆనించి చాలాసేపు ఉంది.

“నాకు ఇనుము వాసనే వస్తా ఉంది వదినా.”

“మీ అన్నా అంతే కదా!”

ఇద్దరూ నవ్వారు. ఆ నవ్వు సగంలోనే వేరే శబ్దంగా మారింది.

“చొక్కా ఒక్కటీ ఇప్పుకోరాదా? మిగిలింది ఏమైతే అయింది.”

వకుళ బ్లేడు తెచ్చి ఒక కుట్టు తెంచింది. దారంతోపాటు గుడ్డ కూడా అప్పడంలా విరిగి చేతికొచ్చింది. బ్లేడు కింద పెట్టేసింది.

“ఉతికితే వాసన పోతాది. ఉతక్కపోతే మా అన్న చొక్కానే పోతాది,” అంది మునిరత్నమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంటూ. “ఏందో ఒకటి నువ్వే ఎంచుకో. నేను చెప్పలేను తల్లీ, నాకు నోరు రాదు.”

ఆమె వెళ్లిపోయాక వారం రోజులూ వకుళ నా దగ్గరికి రాలేదు. గదిలోకి వచ్చేది, పనేదో చూసుకునేది, గోడవైపు చూడకుండా వెళ్లేది. ఆ వాసన లేకుండా ఉండటం అలవాటు చేసుకుంటోందని నాకు ఆలస్యంగా అర్థమైంది.

ఆదివారం ఎండ కాసింది. పెరట్లో పెద్ద టబ్బు నిండా నీళ్లు పట్టి, వంటసోడా కలిపింది. నన్ను గోడ మీది నుంచి దించి, అడుగు అంచు నుంచి కొంచెం కొంచెంగా నీళ్లలోకి వదిలింది. లుంగీలు మునిగాయి. తువ్వాళ్లు మునిగాయి. టీ రంగు, తుప్పు రంగు పాయలుగా విడిపోయి నీళ్లు మట్టిరంగుకు తిరిగాయి. చొక్కా మాత్రం మునగలేదు. పొరల మధ్య చిక్కిన గాలికి దాని ఛాతీ పైకి ఉబ్బి, నీటి మీద మెల్లగా లేస్తూ పడుతూ ఉంది.

వకుళ మోకాళ్ల మీద కూర్చుని దాన్నే చూసింది. ముఖం వంచబోయి ఆగింది.

తర్వాత రెండు అరచేతులూ ఆ ఛాతీ మీద ఆనించి, నీళ్ల కిందికి నొక్కింది.