సీసాలో పెంకుపురుగు

టార్పాలిన్ పట్టా అంచున బరువు పెట్టిన ఇసుక సంచుల్ని మందాయన ఒక్కొక్కటే పక్కకు లాగుతున్నాడు. చుక్క ముట్టని మనిషికి ఆ పేరేమిటని కొత్తవాళ్ళు నవ్వుతారు. మసాలా గోదాములో పురుగుకు మందు పెట్టడమే అతని బతుకంతా. బస్తాల గుట్టకు పట్టా కప్పి, లోపల బిళ్ళలు పెట్టి, గాలి చొరకుండా అంచులు బిగిస్తాడు. వెన్ను వంగింది, కనురెప్పలు వాచాయి. ఆ బిళ్ళల వెల్లుల్లి కంపు ఒళ్ళు రుద్దినా వదలదు.

ధనియాల బస్తాల నడుమ నుంచి చిన్న సీసా తీశాడు. మూతికి పలచటి గుడ్డ, లోపల తాను వేసిన పెంకుపురుగులు. అవి చస్తే గుట్టంతా శుభ్రమైనట్టే. ఈసారి చస్తే అతన్ని వీధివైపు కొట్లో, తూకం దగ్గర కూర్చోబెడతానని షావుకారు మాటిచ్చాడు. అక్కడ గాలి ఆడుతుంది.

అన్నీ వెల్లకిలా పడున్నాయి. ప్రాణం లేచొచ్చింది. గోటితో తట్టాడు. ఒకటి కాళ్ళాడించి, బోర్లా తిరిగి, తీరిగ్గా నడక మొదలుపెట్టింది.

"నీ దుంప తెగ!"

నలిపేసి, అన్నీ చచ్చాయంటే చూసేదెవరు? ఆశ పుట్టింది గానీ చెయ్యి రాలేదు.

షావుకారు ముక్కు మూసుకుని గుమ్మంలోనే ఆగాడు. "చచ్చాయా?"

"ఒకటి మిగిలిందండీ. లారీ వచ్చిందని మీరు తొందరపెట్టినప్పుడల్లా గడువు కాకుండానే పట్టా తీశాను. అప్పుడు చావు తప్పినవాటి సంతానమండీ ఇది. మందుకి అలవాటు పడిపోయింది."

"అయితే ఇంకాస్త ఎక్కువ పెట్టు. ఇవి పోయాక కొట్లోకి వద్దువుగానిలే."

ఎన్నేళ్ళుగానో అదే మాట. మందాయనకు ఏడుపొచ్చినంత పనైంది.

మధ్యాహ్నం క్యారియర్ తెచ్చిన భార్య అతని దగ్గు విని కసిరింది. "మానెయ్యవయ్యా ఈ పాడు పని!"

"ఇదొక్కటీ చావనీ. నీకన్నా మొండిగా ఉంది."

"దానికన్నా ముందు నువ్వే పోయేట్టున్నావు," అంది కానీ, గరిటెడు అన్నం ఎక్కువే వడ్డించింది.

ఆమె వెళ్ళాక కొత్త బిళ్ళలు పెట్టి, పట్టా బిగించి, తలుపు మూశాడు. ఊపిరి అందక బయట బల్లమీద కూలబడ్డాడు.

పొద్దువాలినా ఇంటికి రాలేదని ఆమె వెతుక్కుంటూ వచ్చింది. తల తలుపుకు ఆనించి కూర్చునే ఉన్నాడు. "లేవయ్యా," అని భుజం కదిపింది. ఒళ్ళు చల్లగా తగిలింది. ఆమె ఏడుపుకు కొట్లో తూకం ఆగిపోయింది.

పట్టా కింద పెట్టడం మరిచిన సీసా అతని ఒళ్ళోనే ఉంది. లోపల పెంకుపురుగు గాజు ఎక్కి, జారిపడి, మళ్ళీ ఎక్కుతోంది.