తుడవని రెక్క

మౌలాలి గారు వచ్చేలోగా చేయవలసినవి:

ముందురోజు సాయంత్రం పిట్టలకు గింజలు సగమే వేయాలి.
గూడు కడిగి సున్నం చల్లాలి.
పక్క చెరువు కాపలా యాకోబు గారికి చెప్పి, పిట్టలు పైన ఉన్నంతసేపూ కొంగలను తోలే టపాకాయలు కాల్చకుండా చూడాలి.
కుర్చీ నీడలో వేయాలి. టీలో పంచదార తక్కువ.
పిట్ట దిగాక తడిగుడ్డతో తుడవాలి. చేపల వాసన ఉండకూడదు.

చేతిరాత నాది, మాటలు మా నాన్నవి. కిందటి సెప్టెంబరులో ఏలూరు ఆసుపత్రి మంచం మీద పడుకుని ఆయన ఒక్కొక్కటే చెబుతుంటే, చేతికందిన మందుల చీటీ వెనక రాసుకున్నాను. అక్టోబరులో పోయారు. పావురాల పోటీ ఫిబ్రవరిలో.

మా నాన్న పేరు కృపావరం. కొల్లేరు అంచున చేపల చెరువుల మీద ప్యాకింగ్ పని. ట్రేలో ఐసు, దాని మీద చేప, మళ్ళీ ఐసు. ఇంటికొచ్చి ఎంత సబ్బు రుద్దినా చేతుల వాసన పోయేది కాదు. నేను డిగ్రీ పట్టా తెచ్చినరోజు, మా వంశంలో అదే మొదటిది, దాన్ని ముట్టుకోలేదు. “నువ్వే పట్టుకోమ్మా, ఇక్కణ్ణుంచి చూస్తాను” అన్నారు.

ఆయన చేతుల్లోకి బెరుకు లేకుండా వచ్చేవి పావురాలే. పల్టీ పావురాలు. గుంపుగా ఎగురుతూ ఎగురుతూ ఉన్నట్టుండి వెనక్కి పల్టీలు కొట్టుకుంటూ జారిపోయి, మళ్ళీ సర్దుకుని పైకి పోతాయి. అవి తమ గూటి మీదే ఎగురుతాయి కనుక పోటీకి జడ్జి గారే ఇంటింటికీ వస్తారు. మా వైపు జడ్జి ఏలూరు మౌలాలి గారు. కుట్టుమిషన్లు బాగుచేస్తారు. ముందు పల్టీలు చూస్తారు. అసలు పరీక్ష ఆ తరవాత. దిగిన పిట్టను చేతిలోకి తీసుకుని కన్ను, ఊపిరి, రొమ్ము, చివరికి రెక్క విప్పి ఈకలు చూస్తారు. అంతసేపు ఎగిరొచ్చాక పిట్ట ఎలా ఉందన్నదే ఆయనకు ముఖ్యం. నచ్చితే తన చేతిలోంచే గాల్లోకి వదిలేస్తారు. లేకపోతే ఏమీ అనకుండా తెచ్చినవాళ్ళ చేతికి తిరిగి ఇస్తారు.

నాన్న పోటీకి పెట్టిన ఆరేళ్ళూ మా పిట్ట ఆయన చేతికే తిరిగొచ్చింది. పల్టీల్లో మొదటి వరసలో ఉండేది, చేతి పరీక్షలో పోయేది. ఎందుకో ఆయనకు తెలియదు. అడగడానికి మొహమాటం. “ఒక్కసారి ఆయన చేతిలోంచి ఎగిరితే చాలు హెప్సీ” అనేవారు.

నేను తాడేపల్లిగూడెంలో ఒక కాలేజీ ఆఫీసులో పనిచేస్తున్నాను. రెండో శనివారం సెలవని శుక్రవారం సాయంత్రమే వచ్చి చీటీ ప్రకారం అన్నీ మొదలుపెట్టాను. యాకోబు గారి దగ్గరికి వెళితే ఆయన గట్టు మీద కూర్చుని బీడీ కాలుస్తున్నారు.

“రేపు పొద్దున అరగంట టపాకాయలు కాల్చకండి బాబాయ్ గారూ.”

“గంట కాల్చను పో. కొంగలు నాలుగు చేపలు తింటే తిననీ, వాటికీ సెలవుండాలి కదా. ఓనరు అడిగితే టపాకాయలు చెమ్మగిల్లాయంటాను.”

శనివారం ఉదయం మౌలాలి గారు మోపెడ్ మీద వచ్చారు. అమ్మకు నమస్కారం పెట్టి, నాన్న ఎప్పుడూ నిలబడే గుమ్మం వైపు ఒకసారి చూసి కూర్చున్నారు. పిట్టలను వదిలాను. నాన్న చేతుల మీద పెరిగిన చివరి పిట్ట తెల్లతోకది. చెరువుల మీద ఎండ పడుతుండగా అది కొట్టిన పల్టీలు మా అమ్మ వేళ్ళ మీద లెక్కపెట్టి, వేళ్ళు చాలక మానేసింది.

పిట్ట దిగింది. పట్టుకుని మెట్టు మీద కూర్చున్నాను. గిన్నెలో తడిగుడ్డ సిద్ధంగా ఉంది. ఎడమ రెక్క విప్పి, నాన్న తుడిచినట్టే మొదటినుంచి చివరిదాకా తుడిచాను. కుడి రెక్క విప్పబోతుంటే,

“ఆగమ్మా!”

మౌలాలి గారు గొంతు పెంచడం అంతవరకూ వినలేదు. అమ్మ చేతిలో టీ గ్లాసు ఒలికింది.

“నాన్న రాయించారండి” అని చీటీ ఇచ్చాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని చదివారు. చివరి వరస దగ్గర బొటనవేలు ఆగిపోయింది.

“ఎగిరొచ్చిన పిట్ట రెక్క మీద సన్నటి పొడి ఉంటుందమ్మా. పౌడరు అద్దినట్టు. ఒంట్లో సత్తువ ఉన్న పిట్టకే అది నిలుస్తుంది. నేను చూసేది దాన్నే. తడిగుడ్డ పెట్టాక ఇంకేం చూడను?”

“నాన్న ఆరేళ్ళూ తుడిచే ఇచ్చారండి.”

“తెలుసు. పట్టుకుంటే తడి తగిలేది.”

అమ్మ ముందుకొచ్చింది. “మరి ఒక్క మాట చెప్పలేకపోయారా అండీ? ఎంత ఆశపడ్డారో ఆయన.”

“ఎలా చెప్పనమ్మా? ఎందుకు తుడుస్తున్నారో నాకు తెలుసు. వాసన సంగతి నా నోట వస్తే ఆయన మళ్ళీ నా ఎదట నిలబడేవారా? వచ్చే ఏటికి ఆయనకే తెలుస్తుందిలే అనుకున్నాను. ప్రతి ఏడూ అదే అనుకున్నాను.”

అమ్మ ఒలికిన టీ తుడిచి ఇంకో గ్లాసు తెచ్చింది.

ఆయన తెల్లతోకదాన్ని చేతిలోకి తీసుకున్నారు. కన్ను చూశారు, ఊపిరి విన్నారు. ఎడమ రెక్క విప్పి మూసేశారు. కుడి రెక్క విప్పి ఎండకు పట్టారు. ఈకకు ఈక అతికినట్టుంది. దాని మీద తెల్లటి పొడి, పొద్దున్నే పచ్చగడ్డి మీద పొగమంచు ఆగినంత పలచగా. వేలితో తాకి చూసుకున్నారు.

“ఇదమ్మా. ఇది చూడాలనే ఆరేళ్ళూ ఇక్కడిదాకా వచ్చాను” అన్నారు. రెక్క మూసి, “తడిసిన రెక్కకి మార్కులు వేయలేను. మిగతావాళ్ళకి అన్యాయం చేసినట్టవుతుంది” అన్నారు.

“అలాగేనండి” అన్నాను. ఈసారి బహుమతి గణపవరం సువర్ణ గారి పిట్టకు వెళ్ళింది. అది న్యాయమే.

పిట్టను తీసుకోవడానికి రెండు చేతులూ చాపాను, నాన్న చాపినట్టే. మౌలాలి గారు నా చేతులు చూశారు. చెరువు వైపు తిరిగి, తన చేతులు పైకెత్తి వదిలేశారు.

తడి రెక్క బరువుకి ముందు కాస్త పక్కకి ఒరిగింది. తరవాత లేచింది. యాకోబు గారి చెరువు మీద ఒక్క పల్టీ కొట్టింది. “నాన్నా, చూశావా” అని గుమ్మం వైపు తిరిగాను. అక్కడ గూడు కడిగిన బకెట్టే ఉంది.

చీటీ ఇప్పటికీ నా ఆఫీసు సొరుగులో ఉంది. మౌలాలి గారు తిరిగిచ్చినప్పుడు దాని మూల తెల్లటి వేలిముద్ర పడింది. చివరి వరస కొట్టేయబుద్ధి కాలేదు.

మా వైపు ఎప్పుడైనా వస్తే ఐసు లారీల పక్కన ప్యాకింగ్ వాళ్ళు కనబడతారు. వాళ్ళలో ఎవరైనా, మీకు ఏదైనా అందించే ముందు చేతులు లుంగీకి తుడుచుకుంటే, తుడుచుకోనవసరం లేదని చెప్పండి. చెప్పడానికి మొహమాటపడకండి. అప్పుడు ఒక్క క్షణం మా నాన్న కృపావరాన్ని తలుచుకోండి.