వదిలేయాల్సిన వాక్యాలు

మావగారి సంచిలో కోడలు రెండు జతల బట్టలు, కంటిచుక్కల సీసా, మెత్తటి తువ్వాలు సర్దింది. ఆయన మాత్రం సంచి ఎవరిదో అన్నట్టు కంప్యూటరు ముందు కుర్చీలో బైఠాయించాడు. మర్నాడు పొద్దున, కూతురుండే ఊళ్లో, ఆయన కంటికి ఆపరేషను. పుస్తకం పూర్తి కాలేదంటూ ఇప్పటికే రెండుసార్లు వాయిదా వేశాడు. ఇంకోసారి వేస్తే ఆ కంటిమీద ఆశ వదులుకోమని డాక్టరమ్మ తెగేసి చెప్పింది.

ఉద్యోగమంతా అరబ్బీ పాఠాలు చెప్పినవాడు, రిటైరయ్యాక తెలుగువాళ్ల కోసం అరబ్బీ వాచకం రాయసాగాడు. పేజీలు తీర్చేది కోడలు. ఆమెకు అరబ్బీ ఒక్క ముక్క రాదు. ప్రెస్సు కంప్యూటర్లో తెరిస్తే ఆ అక్షరాలు ఒకదాని చెయ్యి ఒకటి వదిలేసి, వరస తప్పి నిలబడేవి. అందుకని ఆయన అరబ్బీ స్టైలు, అంటే అరబ్బీకని ఫైల్లో విడిగా పెట్టుకున్న అక్షరాల తీరు, పెట్టిన ప్రతి వాక్యాన్నీ ఆమె బొమ్మగా మార్చి, మళ్లీ అదే చోట అతికించేది. ఆయన పక్కన కూర్చుని చదువుతూ, మధ్యమధ్య అది వద్దమ్మా, నాకోసం రాసుకున్నది అనేవాడు. అనుమానం తగిలిన చోటల్లా తనను తానే హెచ్చరించుకుంటూ, అరబ్బీలోనే, అదే స్టైల్లో, ఒక ముక్క రాసిపెట్టుకోవడం ఆయనకు అలవాటు. పని నత్తనడకే. అయినా ఆ నడకలో ఇద్దరికీ బోలెడు కబుర్లు దొర్లేవి.

ఇది చూసి చూసి, ప్రోగ్రాములు రాసే మరిది ఆ మధ్యాహ్నం తన లాప్‌టాప్ తెచ్చాడు. స్టైలును బట్టి వాక్యాలు వెతికి, బొమ్మలు చేసి, తనే అతికించే ప్రోగ్రాము రాశానన్నాడు. ఇక నాన్నకు సాకు దొరకదని వదినకు కన్నుగీటాడు.

టీ చల్లారేలోగా పుస్తకం మొత్తం అయిపోయింది. కోడలి ప్రాణం లేచొచ్చింది. మావగారు తెరకు ముక్కు ఆనించి ఒక పాఠం చదివి, గడ్డం నిమురుకున్నాడు.

"ఒరే, ఇక్కడ 'ముసలి గాడిదా, ఇది మళ్లీ చూసుకో' అని ఉందిరా. పిల్లలు దీన్నీ కంఠస్థం చేస్తారు."

మరిది నవ్వబోయి ఆగాడు. పాత ఫైలు భద్రంగానే ఉంది గాని, అందులో ఏది పాఠమో ఏది తిట్టో ప్రోగ్రాముకేం తెలుసు? పోనీ ఆ తిట్లేవో చెబితే వెతికి తీసేస్తానన్నాడు. ఒక్కోచోట ఒక్కోలా తిట్టుకున్నానురా అన్నాడాయన దిగులుగా.

కన్ను చికిలించి ఒక్కొక్కటే వెతకసాగాడు. కోడలు తీసేస్తూ వచ్చింది. బస్సు వేళ దగ్గరపడింది. పుస్తకం సగం కూడా కాలేదు. టిక్కెట్టు రద్దు చెయ్యరా అన్నాడు చిన్నకొడుకుతో.

కోడలి చేతులు ఆగాయి. ఎవరు ఎక్కడికి బయల్దేరినా ఆమె గుండె పీచుపీచుమంటుంది. ఉండిపోనీ, ఇంకో నెల ఇలాగే పక్కన కూర్చోనీ అని లోపల కొట్టుకుంటోంది. కాని ఆయన పక్క వాక్యాన్ని రెండుసార్లు చదివి, మూడోసారి వేలుపెట్టి తడుముకోవడం చూసింది. లేచి కంప్యూటరు కట్టేసింది.

"వెళ్లండి మావయ్యా. కన్నుంటే తిట్లన్నీ మీరే ఏరుకోవచ్చు."

"నేనొచ్చేదాకా ప్రెస్సుకు పంపవుగా?"

"మీరు చదవందే ఒక్క పేజీ కదలదు."

ఆయన చెప్పులు వేసుకుని, చిన్నకొడుకు భుజం పట్టుకుని మెట్లు దిగాడు. బస్సు మలుపు తిరిగేదాకా ఆమె వాకిట్లోనే నిలబడింది.

ఆపరేషను బాగానే జరిగింది. కట్టు విప్పాక, గోడమీది కాలెండరు అంకెలు పైకి చదివి కూతురికి వినిపించాడట. మావగారు మాత్రం తిరిగి రాలేదు. ఆ తరవాతి ఆదివారం మధ్యాహ్నం, భోంచేసి నడుం వాల్చిన మనిషి, కూతురింట్లోనే నిద్రలో పోయాడు.