చెప్పులు ఇక్కడే విడవాలి

కోడలు అత్తగారి నోటికి భయపడడం లోకసహజం. ఆ ఇంట్లో కోడలు మాత్రం అత్తగారి కాళ్ళకి భయపడేది. నోటి భయం పెళ్ళైన కొత్తలో ఓ ఏడాది పట్టి వదిలింది. ఈ కాళ్ళ భయం రెండేళ్ళైనా వదలడం లేదు.

అత్తగారికి పదిహేనేళ్ళుగా షుగరు. ఆవిడ అక్కగారికీ అదే జబ్బు. ఆ పెద్దావిడ ఒక ఆదివారం గోళ్ళు కత్తిరించుకుంటూ బొటనవేలి పక్క చర్మం కాస్త తెంపుకుంది. నెల తిరిగేసరికి వేలు తీసేశారు. మూడు నెలలకి మోకాలి కింది దాకా తీసేశారు. గోరంతలు కొండంతలు చేస్తారని మనుషుల్ని ఆడిపోసుకుంటాం గాని, ఆ ఇంట్లో గోరంతది తనంతట తనే కొండంతై కూర్చుంది. ఆసుపత్రి మంచం మీద దుప్పటి ఒకవైపు ఎత్తుగా, ఒకవైపు చదునుగా ఉండడం కోడలు కళ్ళారా చూసింది.

పైగా ఆమెది కుట్టుపని. ఇంట్లో ఎక్కడ చూసినా సూదులు, గుండుసూదులు. ఆసుపత్రి నుంచి వచ్చిన మర్నాడే ఒక అయస్కాంతం కొని దానికి తాడు కట్టింది. రోజూ పని ముగించాక మిషను కింద, మంచాల కింద, గుమ్మాల మూలల్లో దాన్ని ఈడ్చుకుంటూ తిరిగేది. "కుక్కపిల్లని షికారు తిప్పుతున్నావా?" అని మొగుడు నవ్వేవాడు. నవ్వేవాళ్ళకేం, సూది గుచ్చుకుంటే నాది కదా బాధ్యత అని ఆమె అతని మంచం కిందకి కూడా దూరేది.

అలాంటి మనిషికి డాక్టరు ఏం చెప్పాడు? అత్తగారి మోకాళ్ళ నొప్పులకి నీళ్ళలో నడక మంచిదన్నాడు. వారానికి రెండుసార్లు ఈత కొలనుకి తీసుకెళ్ళమన్నాడు. "కానీ ఒక్క అడుగు కూడా వట్టి కాళ్ళతో వెయ్యనివ్వద్దు. పక్కనే వేడినీళ్ళ తొట్టి ఉంటుంది, దాని జోలికి అసలు పోవద్దు" అని కూడా అన్నాడు. నడవమనీ తనే అన్నాడు, అడుగడుగునా భయపడమనీ తనే అన్నాడు.

కోడలు మూడు కొట్లు తిరిగి నీలంరంగు రబ్బరు చెప్పులు కొంది. అడుగున గట్లు గట్లుగా ఉండి జారనివి. కొలను దగ్గర ఆడవాళ్ళ వేళ చూసుకునే ఉద్యోగిని ఒకావిడ ఉంది. మెడలో ఎప్పుడూ ఈల వేలాడుతుంది కనక అందరూ ఈలావిడ అంటారు. మొదటిరోజే ఆవిడ ఇద్దరికీ పద్ధతులన్నీ చెప్పింది. వీధి చెప్పులు బయటి అరలో పెట్టాలి. లోపలి రబ్బరు చెప్పులు వేసుకుని, గుమ్మం దగ్గర మందునీళ్ళ గుంటలో పాదాలు ముంచి, నీళ్ళ అంచు దాకా వాటితోనే నడవాలి. ఒకరివి ఒకరు వేసుకోకూడదు. "అరువు చెప్పుల్తో తామర ఉచితం" అని నవ్వింది కూడా. మొదటి రెండుసార్లూ కోడలు అత్తగారి చెయ్యి పట్టుకుని, చెప్పులతో సహా నీళ్ళ మెట్టు దాకా దింపి, పైకి రాగానే మళ్ళీ తొడిగింది.

మూడోసారి వెళ్ళేసరికి గుమ్మం పక్కన కొత్త బోర్డు వెలిసింది. ఎవరో బురద చెప్పులతో లోపలికి నడిచారట. ఎర్ర అక్షరాలతో రాసి పెట్టారు: "చెప్పులు ఇక్కడే విడవాలి."

సరిగ్గా అప్పుడే కోడలికి తను బట్టలు కుట్టిచ్చే కొట్టు నుంచి ఫోనొచ్చింది. ఎవరో పెళ్ళికూతురు జాకెట్టు చెయ్యి పొట్టిగా కుట్టావని యజమానురాలి కేకలు.

"అత్తయ్యా, రెండే రెండు నిమిషాలు. ఈ బల్ల మీద కూర్చోండి. నేనొచ్చాక లోపలికి వెళ్దాం."

"నేనేమైనా ఒకటో తరగతి పిల్లనా? పో, మాట్లాడి రా" అంది అత్తగారు.

లోపల సరిగా వినిపించక కోడలు వీధిలోకి వెళ్ళింది. చెయ్యి పొట్టిగా లేదు, పెళ్ళికూతురే భుజాలు ఎగరేసుకుని నిలబడుతోందని యజమానురాలికి నచ్చజెప్పేసరికి రెండు నిమిషాలు పన్నెండయ్యాయి.

తిరిగి వచ్చేసరికి బల్ల ఖాళీ.

వీధి చెప్పులు అరలో ఉన్నాయి. వాటి పక్కనే నీలం రబ్బరు చెప్పులు కూడా ఉన్నాయి. మడమలు రెండూ ఒక వరసలో, స్కేలు పెట్టి సర్దినట్టు ఉన్నాయి.

కోడలి గుండె జారిపోయింది. చెప్పులు చూసి గుండె జారడమేమిటని ఎవరైనా నవ్వచ్చు. చెప్పులు ఇక్కడుంటే ఆ కాళ్ళు ఎక్కడున్నట్టు? తన చెప్పులు ఎటు విసిరేసిందో కూడా చూసుకోకుండా లోపలికి పరుగెత్తింది.

మందునీళ్ళ గుంట దాటగానే స్నానాల గది. తెల్లటి పలకల నేల, పైన పల్చగా నీళ్ళు. ఆ నీళ్ళలో ఎరుపు కనిపించింది. మొదట ఎవరిదో గోళ్ళరంగు ఒలికిందనుకుంది. అలా అనుకోవాలని ఎంతగా అనిపించిందో! రెండడుగుల అవతల మళ్ళీ అదే ఎరుపు. మళ్ళీ అంతే దూరంలో ఇంకొకటి. ఎడమ పాదం శుభ్రంగా ఉన్నట్టుంది, కుడి పాదం ఆనిన చోటల్లా మరక. స్నానాల గది మధ్యలో ఒక పలక మూల పగిలి, లోపలి బూడిదరంగు సిమెంటు కనిపిస్తోంది. పగిలిన ముక్క మాత్రం అక్కడ లేదు.

నడక ఎక్కడా ఆగలేదు. కుంటినట్టు లేదు, గోడ పట్టుకున్నట్టు లేదు. కొలతల మీద బతికే మనిషి కనక కోడలికి ఇట్టే తెలిసింది: అడుగుకీ అడుగుకీ మధ్య ఎడం ఎక్కడా చెదరలేదు. మరకల కంటే అదే ఆమెని ఎక్కువ భయపెట్టింది. కాలు తెగిన మనిషి ఒక్కచోటైనా ఆగదా?

కొలను దగ్గరికి వచ్చింది. నలుగురైదుగురు ఆడవాళ్ళు నీళ్ళలో నడుస్తున్నారు. వాళ్ళలో అత్తగారు లేదు. అడుగు దాకా కళ్ళతో వెతికింది. నీళ్ళలో పలకల గళ్ళు కదులుతున్నాయి తప్ప మనిషి లేదు. అప్పుడు మళ్ళీ నేల చూసింది. మరకలు కొలను అంచు దగ్గర మలుపు తిరిగి, మూలనున్న వేడినీళ్ళ తొట్టి వైపు వెళ్ళాయి.

తొట్టి నిండా నురగ, పైన పొగలు. మధ్యలో ఇద్దరు ఆడవాళ్ళ నడుమ, మెడ దాకా మునిగి, నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని ఉంది అత్తగారు. ముప్పై రెండేళ్ళు మూడో తరగతికి పాఠాలు చెప్పిన గొంతుతో వాళ్ళిద్దరికీ ఏదో చెబుతోంది.

"రా అమ్మాయ్! ఈ నీళ్ళు ఎంత హాయిగా ఉన్నాయో. ఆ పెద్ద కొలనులో చలి."

"అత్తయ్యా, బయటికి రండి."

"ఉండు, ముందు ఆ ఈలావిడని పిలు. ఎవరికో కాలు తెగినట్టుంది, అక్కడ నేలంతా రక్తం. కట్టు కట్టుకోకుండా అలాగే వచ్చి నీళ్ళలో దిగుతారేమో. పదిమంది దిగే నీళ్ళు! మనిషికి ఆ మాత్రం శుభ్రత ఉండక్కర్లా?"

పక్కనున్న ఇద్దరూ అవునన్నట్టు తలలూపారు. కోడలు తొట్టిలోకి వంగి చూసింది. నురగ అంతా తెల్లగానే ఉంది, దాని కింద ఏముందో తెలియడం లేదు. ఆమె బట్టలతోనే తొట్టి మెట్టు దిగింది. మోకాళ్ళ దాకా మునగ్గానే నీళ్ళు చురుక్కుమన్నాయి. ఆ వేడికి ఆమె కాళ్ళే వెనక్కి లాక్కున్నాయి. అత్తగారి కాళ్ళు ఎంతసేపటి నుంచి ఇందులో ఉన్నాయి?

"కాలు పైకెత్తండి, అత్తయ్యా."

"ఏ కాలు?"

"కుడిది."

నురగలోంచి పాదం పైకి వచ్చింది. పిక్క దాకా మేజోడు వేసినట్టు ఎర్రగా కందిపోయింది. మడమ కింద పలక ముక్క, బొటనవేలి గోరంత వెడల్పున, లోపలికి దిగి ఉంది. దాని అంచు నుంచి ఎర్రటి నీళ్ళు బొట్లు బొట్లుగా కారుతున్నాయి.

పక్కనున్న ఇద్దరూ కెవ్వున అరిచి ఒకరినొకరు తోసుకుంటూ బయటికి దూకారు. ఈల మోగింది. అత్తగారు మాత్రం ఆ పాదాన్ని వింతగా, ఎవరిదో చూసినట్టు చూసింది.

"అది నాదేనా?" అంది.

మోకాళ్ళ నొప్పులవాళ్ళు ఎక్కువగా వస్తారు కనక అక్కడ ఒక చిన్న గదిలో నర్సు ఉంటుంది. అత్తగారిని కుర్చీలో కూర్చోబెట్టి మోసుకెళ్ళారు. ఈలావిడ వెంటే వచ్చింది. ఆవిడ మొహంలో నెత్తురు చుక్క లేదు.

"అమ్మగారూ, రబ్బరు చెప్పులు ఎందుకు విప్పారండీ? అవి లోపలికే కదా!"

"బోర్డు మీద చెప్పులు ఇక్కడే విడవాలని ఉందిగా?"

"అది వీధి చెప్పులకండీ."

"వీధి అన్న మాట బోర్డు మీద లేదు" అంది అత్తగారు. "ఉంటే చదవనా?"

కోడలికి ఒళ్ళు మండిపోయింది. రెండేళ్ళ అయస్కాంతం, మూడు కొట్ల చెప్పులు, అన్నీ ఆ ఒక్క లేని మాట ముందు ఎందుకూ కొరగాకుండా పోయాయి. ఏదో అనబోయింది. అప్పుడే నర్సు చిన్న పట్టుకారుతో పలక ముక్కని పట్టుకుని లాగడం మొదలుపెట్టింది. కోడలు కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకుని పళ్ళు బిగించింది. ముక్క వంకరగా దిగింది కాబోలు, నర్సు అటూ ఇటూ కదిపి తియ్యాల్సి వచ్చింది. అత్తగారు మాత్రం గోడ మీది గడియారం వైపు చూస్తూ, "అది ఐదు నిమిషాలు వెనక ఉంది" అంది.

నర్సు తలెత్తింది. "నొప్పిగా లేదామ్మా?"

అత్తగారు నర్సు మొహం చూసింది. తర్వాత ఆమె చేతిలో ఎర్రబడ్డ ముక్కని చూసింది. "అబ్బా. నొప్పే మరి" అంది.

నర్సు కట్టు కట్టింది. ఆసుపత్రి బండికి ఫోన్ చేసింది. తర్వాత కోడలి వైపు తిరిగింది. "పాదాల్లో స్పర్శ పరీక్ష ఎప్పుడు చేయించారు?"

"రెండు నెలలైంది. దారంతో పది చోట్ల తాకించి చూశారట, పదింటికీ తెలిసిందని అత్తయ్య చెప్పారట. స్పర్శ బాగుందని కాగితం కూడా ఇచ్చారు" అంది కోడలు. చెబుతూ చెబుతూనే అత్తగారి వైపు తిరిగింది.

అత్తగారు చేతులు ఒళ్ళో పెట్టుకుని, తలవంచుకుంది. ఆవిడ తలవంచుకోవడం కోడలు ఎప్పుడూ చూడలేదు.

"కాపీ కొట్టాను" అంది అత్తగారు.

"ఏంటి?"

"కళ్ళు మూసుకోమన్నాడు డాక్టరు. రెప్పల సందులోంచి చూశాను. ఆయన చెయ్యి వంగినప్పుడల్లా 'ఆఁ' అన్నాను. ముప్పై రెండేళ్ళు పిల్లల దొంగచూపులు పట్టినదాన్ని, ఆ మాత్రం రాదా?"

"ఎందుకత్తయ్యా? ఎందుకు?"

"అక్కకి ముందు ఈ పరీక్షే పెట్టారు. ఒక్కటీ చెప్పలేకపోయింది. ఆ తర్వాతే కదా కోశారు." ఆవిడ కట్టు కట్టిన కాలిని కుర్చీ కిందకి లాక్కుంది. "తప్పితే కోస్తారు, అమ్మాయ్. నాకు భయమేసింది."

కోడలి కోపం ఎటుపోయిందో తెలియలేదు. ఇన్నాళ్ళూ ఈ ఇంట్లో ఆ కాళ్ళకి భయపడేది తనొక్కతే అనుకుంది. రోజూ తను మంచాల కింద అయస్కాంతం ఈడుస్తుంటే, ఆ మంచం మీదే ఈ మనిషి తనకంటే పెద్ద భయాన్ని కప్పుకుని పడుకుంది.

"ఇప్పుడు నిజం తెలిస్తేనే కాలు దక్కేది" అంది నర్సు మెల్లగా. "ఆసుపత్రివాళ్ళకి చెప్పాలి. గాయం లేని కాలికి ఇప్పుడే నేను ఆ పరీక్ష చేసి చూస్తాను. కోయడానికి కాదమ్మా, కాపాడడానికే."

అత్తగారు ఎడమ కాలు ముందుకి చాపింది. తర్వాత కోడలితో, "నువ్వు మూయి కళ్ళు. నా మీద నాకు నమ్మకం లేదు" అంది.

కోడలు కుర్చీ వెనక నిలబడి అరచేతులు రెండూ ఆ కళ్ళ మీద పెట్టింది. అరచేతి కింద రెప్పలు కదిలాయి. సందు కోసం వెతుకుతున్నాయని ఆమెకి తెలిసింది. ఇంకాస్త దగ్గరగా నొక్కింది. కాసేపటికి రెప్పలు కదలడం మానేశాయి.

నర్సు ఒక పుల్ల చివర బిగించిన నైలాన్ దారం తీసింది. బొత్తాలు కుట్టే దారమంత మందం. బొటనవేలి కింద ఆనించి, దారం విల్లులా వంగేదాకా నొక్కింది. చిటికెనవేలి కింద నొక్కింది. పాదం మధ్యలో, అంచున, మడమ మీద నొక్కింది. కోడలు ఒక్కొక్క చోటికీ ఊపిరి బిగబట్టి, 'ఆఁ' అనండి, ఒక్కసారి అనండి, అని మనసులో మొక్కుకుంది. నర్సు చీలమండ దగ్గర మూడుసార్లు నొక్కింది. తర్వాత దారాన్ని పెట్టెలో పెట్టి, మూత వేసి, కోడలి మొహంలోకి చూసింది.

"ఇంకా ఏం చేస్తోంది ఆవిడ?" అంది అత్తగారు. "మొదలుపెట్టమను, అమ్మాయ్. ఈసారి చూడను, ఒట్టు."