గుమ్మంలో కుర్చీ

"ఈ నెలలో చెయ్యి చేసుకున్నాడా?"

"లేదక్కా."

"సామాన్లు విసిరేశాడా?"

"లేదు."

"చంపుతానని బెదిరించాడా?"

"అబ్బే, అదీ లేదు."

ఫోనక్క వరసగా సున్నాలు చుట్టింది. ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించి, ఎడమ చేత్తో కాగితం అదిమిపట్టి రాయడం ఆమెకు అలవాటు. అందుకే మెడ ఎప్పుడూ కాస్త కుడివైపుకు ఒరిగి ఉంటుంది. నిద్రలో కూడా అలాగే ఉంటుందని ఆఫీసులో వేళాకోళం చేస్తారు.

పెళ్లాన్ని కొట్టి కోర్టు పాలైన మగవాళ్లకు ఆ ఆఫీసులో క్లాసులు జరుగుతాయి. క్లాసు వల్ల వాళ్లు నిజంగా మారుతున్నారా లేదా అన్నది మేడమ్ చేసే పరిశోధన. మగవాళ్లనడిగితే అందరూ బుద్ధిమంతులే. అందుకని నెలకోసారి వాళ్ల భార్యలకు ఫోను చేసి అడగాలి. అడిగే మాట మారకూడదు. ఎంత ఘోరం విన్నా 'అయ్యో' అనకూడదు. అంటే అవతలి మనిషి ఏడుస్తుంది, లెక్క తప్పుతుంది. ఆ ఉద్యోగానికి ఫోనక్క గొంతు అచ్చంగా సరిపోయింది. ఎత్తూ పల్లమూ లేని గొంతు.

"కోపం వచ్చినప్పుడు కుర్చీ వాడుతున్నాడా?"

క్లాసులో చేరిన ప్రతి మగవాడికీ ఒక నీలం ప్లాస్టిక్ కుర్చీ ఇస్తారు. ఒళ్లు మండినప్పుడు నోరు మూసుకుని బయటికి వెళ్లి అందులో కూర్చోవాలి. చల్లబడ్డాకే లోపలికి రావాలి. చాలా ఇళ్లలో దానివల్ల దెబ్బలు తగ్గాయి, ఆ మాట కాదనడానికి లేదు.

"వాడకేం! పొద్దస్తమానం అందులోనే," అంది అవతలి ఆవిడ. ఆమె ఇంట్లో బట్టలు కుట్టి బతుకుతుంది. "సరిగ్గా గుమ్మానికి అడ్డంగా వేసుకుంటాడక్కా. నేను చెప్పులేసుకుంటే చాలు, కోపమొచ్చిందంటూ వెళ్లి కూర్చుంటాడు. మా ఇంటికి ఇంకో తలుపు లేదు. జరగమంటే, 'క్లాసులో కూర్చోమన్నారుగా' అంటాడు."

ఫోనక్క 'అవును' అన్న గడిలో టిక్కు పెట్టింది. కుర్చీ వాడితే మంచి మార్కు. గుమ్మం దాటనిస్తున్నాడా అని అడిగే ప్రశ్న లేదు. కలుపుదామని పోయిన నెల మేడమ్‌తో అంది కూడా. "మధ్యలో ప్రశ్న మారిస్తే చేసిందంతా బూడిదలో పోసినట్టేనమ్మా. వచ్చేసారి చూద్దాం," అంది మేడమ్. ఆవిడ మంచిదే. చేతిలో ఉన్న పని అలాంటిది.

"ఇవాళ మూడింటికి ఆఖరి ప్రశ్నలకని మీ దగ్గరికొస్తున్నాడుగా," గొంతు తగ్గించింది ఆవిడ. "నాలుగింటి బస్సుకి మా అక్క దగ్గరికి వెళ్లిపోతున్నా. ఇంక రాను. అందాకా అక్కడ ఉంటాడా?"

ఆఖరి ప్రశ్నలు పావుగంట పని. ఇక్కణ్ణించి అతని ఇల్లు నాలుగడుగులు.

"ఉంటాడు," అంది ఫోనక్క.

ఆ మాట కాగితంలో లేదు.

మధ్యాహ్నం అత్తగారు కట్టిచ్చిన డబ్బా విప్పి, రుచి చూసుకోకుండా తిని, కడిగి బోర్లించింది. ఫోనక్క మొగుడికి కూడా చెయ్యి దురుసే. అప్పట్లో ఇలా ఫోను చేసి అడిగేవాళ్లు లేరు. అతను పోయిన కబురు వచ్చినప్పుడు ఆమె బట్టలు ఆరేస్తోంది. బకెట్లో మిగిలిన రెండూ ఆరేసి లోపలికి వెళ్లి, "పోయాడట అత్తయ్యా," అంది. "పోయాడా," అంది అత్తగారు. ఇద్దరికీ ఏడుపు రాలేదు. తర్వాత వస్తుందేమోనని చూశారు. అప్పటినుంచీ ఆ ఇంట్లో ఇద్దరే, ఒకరిమీద ఒకరు గొంతు లేపకుండా బతుకుతున్నారు. ఆ మధ్యలో ఎప్పుడో ఫోనక్కకు బాధపడటం అలవాటు తప్పింది.

మూడింటికి అతను వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, నున్నగా దువ్విన తల. పాఠాలన్నీ గడగడా అప్పజెబుతాడని క్లాసులో అతన్ని లీడరంటారు. మిగతా గదులకు తాళాలు పడ్డాయి. మేడమ్ మీటింగుకు వెళ్లింది.

"తొందరగా కానివ్వండక్కా. ఇంట్లో ఆవిడొక్కతే ఉంది," అన్నాడు.

ఫోనక్క మొదటి ప్రశ్న చదివింది. జవాబు రాసి, కొట్టేసి, మళ్లీ చదివింది. పెన్ను రాయడం లేదని ఇంకొకటి వెతికింది. కాగితాలు తారుమారయ్యాయంటూ సర్దింది. ఆమె గొంతు ఎప్పటిలాగే ఉంది. కళ్లు మాత్రం మాటిమాటికీ గోడ గడియారం మీదికి పోతున్నాయి. అది గమనించి ఆమే ఆశ్చర్యపోయింది.

"ఇంకోసారి చెప్పండి."

"ఎన్నిసార్లు చెప్పాలమ్మా? చెవుడా?" బల్ల మీద అరచెయ్యి పడింది. మూడున్నర కూడా కాలేదు. అతను లేచాడు. అంతే, అయిపోయింది, వెళ్లిపోతాడు అనుకుంది ఫోనక్క.

అతను వెళ్లలేదు. కళ్లు మూసుకుని గట్టిగా ఊపిరి పీల్చాడు. గోడవారనున్న నీలం కుర్చీ తీసుకెళ్లి సరిగ్గా గుమ్మంలో వేసుకుని, వీధివైపు తిరిగి కూర్చున్నాడు. నేర్పిన పాఠం నేర్పినట్టే.

ఫోనక్కకు అతని వీపు కనబడుతోంది. రెండు వైపులా బెత్తెడు వెలుతురు. నీళ్ల కూజా బయట వరండాలో ఉంది. నోరెండిపోతోంది. వెళ్లాలంటే అతన్ని జరగమని అడగాలి. అడగలేకపోయింది. భయమేసింది. ఎన్నో ఏళ్ల కిందటి భయం, పెట్టిన చోటే పదిలంగా ఉంది. ఏడాదిగా ఆ బట్టలు కుట్టే ఆవిడ చూస్తున్నది ఈ వీపునే.

"అయ్యో," అంది. పైకే అంది. అతను వెనక్కి తిరగలేదు.

గోడ గడియారంలో నాలుగు దాటింది. బస్సు వెళ్లిపోయి ఉంటుంది. ఇంకాసేపటికి అతను ఒళ్లు విరుచుకుని లేచాడు.

"చూశారా, కోపం మొత్తం దిగిపోయింది. రాసుకోండి," అన్నాడు నవ్వుతూ. మిగతా ప్రశ్నలకు నిలబడి జవాబులు చెప్పి, ఈల వేసుకుంటూ ఇంటికి వెళ్లాడు.

ఫోనక్క ఆవిడ నంబరుకు ఫోను చేసింది. స్విచాఫ్. మళ్లీ చేసింది. అప్పుడు కళ్లు తడయ్యాయి. కాగితం పక్కకు జరిపి ముఖం తుడుచుకుంది.

డబ్బా సంచిలో పెట్టుకుని, లైట్లు ఆర్పింది. గుమ్మం దగ్గర రెండు చేతులా ఎత్తితే కుర్చీ తేలిగ్గా పైకి లేచింది. దాన్ని వరండాలో వదిలేసి, తలుపు తాళం వేసి, మెట్లు దిగింది.

కూర్చుని కూర్చుని మధ్యలో గుంటపడిన నీలం కుర్చీ, వీధివైపు తిరిగి అక్కడే ఉంది.