సుయ్ అని పిలిస్తే

పేరు కుదిరిందన్న కబురు వంటింట్లోకి వచ్చేసరికి ముసలావిడ కోడిగుడ్లకు ఎర్రరంగు పట్టిస్తోంది. మునిమనవరాలికి నెల నిండిన విందు మర్నాడే.

"ఫాన్ వెన్‌సుయ్!" అంటూ మనవడి భార్య పేయ్‌లీ గంతేసినంత పని చేసింది. "ఫాన్ మన ఇంటిపేరు, వెన్ ఈ తరం పిల్లలందరికీ వచ్చేదే. సుయ్ మాత్రం దీని సొంతం నాయనమ్మా, వరికంకి! కోతల్లో పుట్టింది కదా."

ముసలావిడ చేతిలో గుడ్డు జారి రంగుగిన్నెలో పడింది. ఏమని చెబుతుంది? ఆ పేరు తనది. డెబ్భై ఎనిమిదేళ్ల కిందట, కోతలప్పుడే పుడితే వాళ్ల నాన్న పెట్టిన పేరు.

పదిహేడో ఏట ఈ ఇంట్లో కాలుపెట్టాక దాన్ని పలికిన నోరు లేదు. కొన్నాళ్లు కొత్తకోడలు, కొడుకు పుట్టాక షౌరెన్ వాళ్లమ్మ, ఆ తర్వాత నాయనమ్మ. సర్కారు రిజిస్టర్లో కూడా ఫాన్ వారింటికొచ్చిన లూ వారి ఆడపిల్ల అని రాసి చేతులు దులుపుకున్నారు. నీ పేరేమిటని ఒక్కడు అడిగితే ఒట్టు!

వాళ్ల ఆచారంలో పెద్దల పేరు పిల్లలకు పెట్టకూడదు. అందుకే ఆవిడ కొడుకు షౌరెన్, పాత పుస్తకాలన్నీ తగలబెట్టించిన గొడవల ఏళ్లలో ఊరగాయ జాడీలో దాచి కాపాడిన వంశావళిని ముందేసుకుని, కళ్లద్దాలు తుడుచుకుంటూ మూడు రోజులు వెతికాడు. తొమ్మిది తరాల మగవాళ్లలో సుయ్ దొరకలేదు. ఆడవాళ్లకు అందులో పుట్టింటి పేరే తప్ప సొంతపేరు ఉంటేగా దొరకడానికి!

ఇప్పుడు తను నోరు విప్పితే పేరు మార్చేస్తారు. చచ్చేలోగా ఈ ఇంట్లో ఆ పేరు రోజూ వినాలని ఆవిడ ప్రాణం కొట్టుకుంది. దాచడం తప్పేమోనని భయమూ వేసింది. చివరికి నోరు కుట్టేసుకుని గుడ్ల పనిలో పడింది.

మర్నాడు చుట్టాలంతా వచ్చారు. షౌరెన్ బల్లమీద ఎర్రకాగితం పరిచి, పేరు రాయడానికి సిరా నూరుతున్నాడు. లోపల గదిలో పిల్ల గుక్కపట్టింది.

"సుయ్! ఏంటే ఆ గోల?" పేయ్‌లీ కేకేసింది.

"ఆఁ... వస్తున్నానమ్మా!" అంటూ ముసలావిడ పొయ్యి దగ్గర్నుంచి పరుగున వచ్చింది.

చుట్టాలంతా ఆవిడకేసి తిరిగారు.

"అమ్మా, నిన్నెవరు పిలిచారు?" అన్నాడు షౌరెన్.

ఆవిడ నాలుక కరుచుకుంది. ఇక దాచి లాభం లేదు.

"అది నా పేరేరా."

"నీ పేరా! మరి ఇన్నాళ్లూ బెల్లం కొట్టిన రాయిలా ఊరుకున్నావేం?"

"నువ్వు పుస్తకాన్ని అడిగావు. నన్నడిగావా?"

అయినా షౌరెన్ పట్టు వదల్లేదు. "మార్చాల్సిందే. 'సుయ్, పక్క తడిపావా', 'సుయ్, గాడిదా' అంటూ ఇంటిల్లిపాదీ నీ పేరు పెట్టి తిడుతుంటే నేను వింటూ కూర్చోవాలా? కన్నతల్లి పేరు కొడుకు నోట రాకూడదు. నా మనవరాల్ని నేనేమని పిలవను?"

"తిట్టండ్రా!" అంది ఆవిడ. "మా అమ్మా అలాగే తిట్టేది. అరవై ఒక్క ఏళ్లయింది, ఆ పేరుతో నన్ను తిట్టినవాళ్లు లేరు, ముద్దు చేసినవాళ్లూ లేరు. పెట్టెలో దాచిన చీనాంబరంలా కొత్తగానే ఉందిరా అది. దానికి తొడగండి."

పేయ్‌లీ కొంగు లేకపోతేనేం, చేతుల్లో మొహం దాచుకుని ఏడ్చింది. షౌరెన్ కుంచె ముంచి ఎర్రకాగితం మీద ఫాన్, వెన్, సుయ్ అని మూడక్షరాలూ రాశాడు. వంశావళి తెరిచి, తండ్రి పేరు పక్కన లూ అని ఉన్నచోట, సందులో ఇంకో అక్షరం రాశాడు. తాతముత్తాతలు ఏమనుకుంటారోనన్న భయం ఆయనకు ఉంటూనే ఉంది.

"ఏది నాది?" అంది చదువురాని తల్లి.

ఆయన ఆ పేరు పలకలేదు, వేలితో చూపించాడు. ఆవిడ పుస్తకంలో అక్షరాన్నీ, ఎర్రకాగితం మీద చివరి అక్షరాన్నీ మార్చి మార్చి చూసింది.

"రెండూ ఒకటేరా!" అంది ఆశ్చర్యపోతూ.

అప్పటికే పిల్ల దగ్గరికి వెళ్లిన పేయ్‌లీ లోపల్నుంచి అరుస్తోంది. "సుయ్! మళ్లీ తడిపావా?"

"నేను కాదే!" అంది ముసలావిడ.

చుట్టాలంతా పగలబడి నవ్వారు. షౌరెన్ మాత్రం కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ కూర్చున్నాడు.